నాలుగు స్వరాల దండయాత్ర

చదరంగమునకు చరిత్ర వ్రాసినాము, పాచికలకు వ్రాసినాము. నాణెము వేసి ఆడు విద్యుద్యంత్రమునకు మాత్రము ఏల వ్రాయరాదు? 1978లో జపానులోని టైటో సంస్థ విడుదల చేసిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ చరిత్ర చెప్పుకొనదగినది. ఒక యంత్రపు అశక్తత ఆటకు ప్రాణమైన విధము అందులో కలదు.

దీని రూపకర్త తొమొహిరో నిషికాడో. తెర పైభాగమున వరుసకు 11 చొప్పున 5 వరుసలలో 55 అంతరిక్ష శత్రువులు నిలుచును. అడుగున ఆటగాని ఫిరంగి, దానికి చాటుగా నాలుగు గోడలు. శత్రుసేన ప్రక్కకు నడచి, అంచు తాకగానే ఒక మెట్టు దిగి, ఎదురుదిక్కునకు మరలును. వేసిన గుండు తగులువరకో, తెర దాటువరకో ఆటగాడు మరియొకటి వేయలేడు. ఒక్క శత్రువు అడుగునకు చేరినను ఆట ముగియును.

మనుష్యులను కాల్చు ఆట తగదని భావించి, నిషికాడో ఆక్టోపస్, పీత వంటి సముద్రజీవుల పోలికలతో శత్రువులను తీర్చినారు. అయితే ఆనాటి 8080 ప్రాసెసరుకు 55 రూపములను ఒక్కసారిగా కదల్చు శక్తి లేదు. ఒకదాని తరువాత ఒకటిగా కదల్చెడిది. కనుక సేన నిండుగా నున్నపుడు నడక మందము. శత్రువులు కూలినకొలది మిగిలినవాని నడక వడి. కోరి కల్పింపని ఈ గుణమును నిషికాడో అట్లే ఉంచినారు. గెలుపు సమీపించినకొలది అపాయము హెచ్చినది.

ధ్వనియే వృత్తిగా గల మాకు మరియొక విశేషము తోచును. నాలుగు మంద్రస్వరములు సేన నడకతో మరల మరల మ్రోగుచు, విలంబము నుండి ద్రుతమునకు సాగును. ఆపద ఎంత చేరువైనదో కన్నులు మూసికొన్నను తెలియును.

జపానులో ఈ ఆటకై ప్రత్యేకముగా శాలలు వెలసినవి. అమెరికాలో మిడ్‌వే సంస్థ దీనిని లైసెన్సుపై తయారుచేసినది. 1980లో అటారి ద్వారా ఇంటి టెలివిజనుకును చేరినది. వేడుకతోపాటు కలవరమును పుట్టినది. పిల్లలు దీనికి బానిసలగుచున్నారని తలచి, 1981లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు జార్జి ఫౌక్స్, స్థానిక సంస్థలకు నియంత్రణాధికారము నిచ్చు బిల్లును ప్రవేశపెట్టుటకు అనుమతి కోరినారు. అనుకూలముగా 94 ఓట్లు, వ్యతిరేకముగా 114 వచ్చి అది వీగిపోయినది.

ఆ భయమును నవ్వి త్రోసివేయుట న్యాయము కాదు. ఈ ఆటలో తుది విజయము లేదు. ఒక సేన నశింపగానే వేరొకటి మునుపటికన్న క్రిందుగా దిగును. ఎంతటి నేర్పరియైనను ఎప్పుడో ఓడవలసినదే. మిగులునది తెరపై నిలిచిన అత్యధిక పాయింట్ల సంఖ్య. దానిని దాటవలెనని మరియొకడు నాణెము తీయును. ఓటమిని మరికొంతసేపు ఆపగలనను పట్టుదలయే బాలురను ఆ యంత్రము ముందు నిలిపినది. దానిని వ్యసనమని భయపడిన పెద్దలును, నేర్పని మెచ్చిన తోటివారును చూచినది ఆ ఒక్క పట్టుదలనే.