ఉల్మ్ చర్చికి మంగళవారం శంకుస్థాపన

2025 అక్టోబరు 30న బార్సిలోనాలో సగ్రాద ఫమీలియా గోపురం మీదికి శిలువ భాగం ఒకటి ఎక్కించారు. దాంతో దాని ఎత్తు 162.91 మీటర్లయింది. మా ఉల్మ్ మ్యూన్‌స్టర్ ఎత్తు 161.53. ఆ సాయంత్రం నుంచి నాకు ఒకటే ఫోన్లు. "మీ చర్చి రెండో స్థానానికి దిగిందటగా" అని ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఒకరు, హైదరాబాదు నుంచి ఇద్దరు. ఇంట్లో ఎవరో పోయినట్టు పరామర్శ గొంతు.

పదిహేడేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నవాణ్ని కాబట్టి నాకూ కాస్త గుచ్చుకున్న మాట నిజమే. కానీ ఎత్తు పోయిందన్న బాధ కన్నా, మనవాళ్లు మా చర్చి గురించి రాసే రాతలే నన్ను ఎక్కువ బాధపెడుతున్నాయి. యూరప్ యాత్ర చేసొచ్చి వ్యాసం రాసిన ప్రతివారూ దాన్ని "ఉల్మ్ కేథడ్రల్" అంటారు. కేథడ్రల్ అంటే బిషప్ పీఠం ఉండాలి. ఉల్మ్‌లో బిషప్ ఏనాడూ లేడు. ఆ రోజుల్లో ఈ ఊరు కాన్‌స్టన్స్ బిషప్ పరిధిలోది, ఆయన పీఠం అక్కడే. పోనీ మ్యూన్‌స్టర్ అందామంటే, ఆ మాట మఠం నుంచి వచ్చింది. ఇక్కడ మఠమూ లేదు. జనం నోట నలిగిన పేరు గనక నేనూ అలాగే పిలుస్తాను. మరి ఇది ఏమిటి?

జవాబు చర్చిలోపలి శాసనంలోనే ఉంది. మెట్లెక్కే హడావిడిలో చాలామంది దాన్ని దాటిపోతారు. 1377వ సంవత్సరం, జూన్ నెల ఆఖరి రోజు, మంగళవారం, పొద్దుపొడిచిన మూడు గంటలకు, నగర సభ ఆజ్ఞ మేరకు లుడ్విగ్ క్రాఫ్ట్ అనే ఆయన ఈ పారిష్ చర్చికి మొదటి పునాదిరాయి వేశాడని దాని సారాంశం. ధాన్యం సంత దగ్గరుండే దివంగత క్రాఫ్ట్ గారి కొడుకని తండ్రి పేరూ చెబుతుంది. మన శాసనాల్లో తిథివారాలు చెప్పి, ఫలానావారి పుత్రుడు అన్నట్టే ఉంటుంది. మంగళవారాన్ని ఇప్పటి జర్మన్‌లోలా డీన్‌స్టాగ్ అనకుండా ఇక్కడి యాసలో జిన్‌స్టాగ్ అని చెక్కారు. అప్పటి జూలియన్ పంచాంగం ప్రకారం నేను లెక్కకట్టి చూశాను. మంగళవారమే వచ్చింది. రాయి అబద్ధం చెప్పలేదు.

ఒకసారి మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఇదంతా చదివి వినిపించాను. "మంగళవారం శంకుస్థాపనేమిట్రా? అందుకే ఐదొందల ఏళ్లు పట్టింది" అంది.

ఆ ఐదొందల ఏళ్ల లెక్క కూడా సరిచేయాలి. 1377 నుంచి 1890 దాకా 513 ఏళ్లు కట్టారని రాస్తుంటారు. 1543లో పని ఆగిపోయింది. గోపురం అప్పటికి సుమారు వంద మీటర్లు లేచి మొండిగా నిలిచింది. మళ్లీ మొదలైంది 1844లో. అంటే నిజంగా పని జరిగింది 212 ఏళ్లే. మిగిలిన మూడొందల ఏళ్లూ ఊరు ఆ మొండి గోపురంతోనే బతికింది.

ఇంకొకరితోనూ నాకు తగువుంది. ఆయన పోయి ఐదు శతాబ్దాలు దాటింది. ఫెలిక్స్ ఫాబ్రి, డొమినికన్ సన్యాసి, జ్యూరిక్‌వాడు. నాలాగే బయటి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి, ఈ ఊరి గురించి లాటిన్‌లో గ్రంథం రాశాడు. క్రాఫ్ట్ వంద బంగారు నాణేలు ఆ రాయి మీద పరిచాడనీ, అది చూసి మిగతా పెద్దలూ జనమూ తలా కొంత వేశారనీ ఆయన చెప్పిన కథ. గైడ్లకిది మహా ఇష్టం. కానీ ఫాబ్రి పుట్టేసరికే ఆ సంఘటన జరిగి సుమారు అరవై ఏళ్లు. శాసనంలో బంగారం ఊసే లేదు, ఉన్నది "సభ ఆజ్ఞ". ఒక ధనవంతుడి దాతృత్వంగా చెబితే కథ రక్తి కడుతుంది గానీ, ఊరంతా కూడి చేసిన పని ఒక్కడి ఖాతాలో పడుతుంది. నేను రాయి పక్షం.

ఎందుకంటే కారణం కూడా ఊరిదే. అంతకుముందు ఊరి చర్చి కోటగోడ బయట ఉండేది. 1376లో నాలుగో చార్లెస్ చక్రవర్తి ఊరిని ముట్టడించాడు. గోడ దాటి చర్చికి వెళ్లడమెలా? మరుసటి ఏడే గోడ లోపల కొత్తది మొదలుపెట్టారు. పాత చర్చిని పడగొట్టి ద్వారాలు కూడా తెచ్చుకున్నారు. రాజు సొమ్ము కాదు, బిషప్ సొమ్మూ కాదు. మహా అయితే పదివేల జనం ఉన్న ఊరు. లోపలి శిల్పంలో క్రాఫ్ట్, ఆయన భార్య కలిసి చర్చి నమూనాను మేస్త్రి వీపు మీదికి ఎత్తుతుంటారు. మేస్త్రి నడుం వంగిపోయి ఉంటుంది. పని చేయించినవాళ్లు నిలబడి, చేసినవాడు వంగి. చెక్కిన శిల్పికి హాస్యం తెలుసు.

మేస్త్రుల కష్టం అంతటితో పోలేదు. 1492లో ప్రార్థన జరుగుతుండగా గోపురం నుంచి రాళ్లు రాలాయి. అప్పటి మేస్త్రి మత్తేయుస్ బోబ్లింగర్ ఊరు విడిచి పారిపోయాడు. ఆయన గీసిన గోపురం నమూనానే పందొమ్మిదో శతాబ్దంలో తీసి, ఇంకాస్త పొడవు పెంచి, 1890 మే 31న పూర్తిచేశారు. పదేళ్ల ముందు ముగిసిన కొలోన్ గోపురాలు 157 మీటర్లు. పెంచింది ఎవరిని మించడానికో వేరే చెప్పాలా? ఎత్తుల పందెం మనమే ఆడాం, 135 ఏళ్లు గెలిచాం, ఇప్పుడు ఓడాం. బార్సిలోనావాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లది కూడా కేథడ్రల్ కాదన్నది వేరే సంగతి.

ఉల్మ్‌లో ఉన్న మనవాళ్లకు దారి చెప్పనక్కర్లేదు. హిర్ష్‌స్ట్రాసె దుకాణాలు దాటితే చర్చి ఎదురుగానే ఉంటుంది. బయటి నుంచి వచ్చేవారు బుధవారమో శనివారమో రండి, చర్చి ముందు సంత ఉంటుంది. 768 మెట్లు ఎక్కే ముందు ఆ శాసనం దగ్గర రెండు నిమిషాలు ఆగండి. ఇంటికెళ్లి వ్యాసం రాస్తే "ఉల్మ్ పారిష్ చర్చి" అని రాయండి.