ట్రంకుపెట్టెల్లో మిగిలిన లేసు

మన సమాఖ్య వార్షిక నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అనే లెక్కలే ఎక్కువ ఉంటాయి. ఈసారి మా గ్రామ సంఘానికి నాలుగు పేజీలు ఇచ్చి, మీ ప్రాంతం చరిత్ర ఏదైనా రాయమన్నారు. చరిత్ర అంటే రాజులు, గుళ్ళు, సర్పంచులు అని రాసేవాళ్ళు వేరే ఉన్నారు. నేను పదో తరగతి వరకే చదివాను. నాకు బాగా తెలిసింది లేసు. నర్సాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు పుట్టిన ఆడపిల్లకి గరిటె పట్టుకోవడం ఎప్పుడు వచ్చిందో, లేసు సూది పట్టుకోవడమూ అప్పుడే వస్తుంది. అందుకని మన అమ్మమ్మల పెట్టెల్లో ఉన్న లేసు గురించి రాస్తున్నాను.

ముందు ఇది మన దగ్గరకి ఎలా వచ్చిందో చెప్పాలి. మన గోదావరి జిల్లాలు ఎప్పుడూ ఇలా పచ్చగానే ఉండేవనుకుంటాం. కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యింది. అంతకు ముందు ఒక ఏడు వరద, ఒక ఏడు కరువు. 1832, 33లో నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువుని నందన కరువు అన్నారు. గుంటూరు వైపు అయితే ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయ్యాయి. ఆ కరువు తర్వాత మూడు నాలుగేళ్ళకి, 1836లో, ఇంగ్లండు నుండి మిషనరీ కుటుంబాలు మన వైపు వచ్చి నర్సాపురంలో దిగాయి. తర్వాత స్కాట్లండు నుండి కూడా వచ్చారు. ఆ ఇళ్ళ దొరసానులే తమ దగ్గరకి వచ్చే పేద ఆడవాళ్ళకి క్రోషా సూదితో అల్లడం నేర్పారు. 1844లో మొదలయ్యిందని చెప్పుకుంటారు. నేర్చుకున్న మొదటివాళ్ళు ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల నుండి క్రైస్తవంలోకి వెళ్ళిన ఆడవాళ్ళు. ఈ మాట రాయాలా వద్దా అని మా సంఘంలోనే ఒకరిద్దరు అన్నారు. రాయాలనే నా అభిప్రాయం. మొదట ఎవరి చేతుల్లో మొదలయ్యిందో చెప్పకపోతే చరిత్ర అని పేరు పెట్టడం ఎందుకు?

ఇంకో సంగతి నాకు ఆశ్చర్యమనిపించింది. దాదాపు అదే రోజుల్లో, అంటే 1845 తర్వాత, ఐర్లండు అనే దేశంలో బంగాళాదుంప పంటకి తెగులు వచ్చి పెద్ద కరువు పడింది. అక్కడ కూడా మఠాల్లో ఉండే సన్యాసినులు ఆకలితో ఉన్న ఆడవాళ్ళకి ఇదే క్రోషా లేసు నేర్పి, అమ్మించి, గంజి నీళ్ళకి దారి చూపించారు. ఎక్కడో ఐర్లండు, ఎక్కడో మన నర్సాపురం. ఒక సూది, ఒక దారం ఉండలు ఉంటే చాలు, మగ్గం అక్కర్లేదు, షెడ్డు అక్కర్లేదు, పిల్లని ఒళ్ళో వేసుకుని కుట్టుకోవచ్చు. అందుకే కరువు ఉన్న చోటికల్లా ఇది వెళ్ళింది.

మొదట్లో ఇక్కడ కుట్టిన లేసుని మిషనరీలు తమ దేశంలో తెలిసినవాళ్ళకి పంపేవారు. వాళ్ళు కొనుక్కుని డబ్బు పంపేవారు. 1900 వచ్చేసరికి వ్యాపారులు దిగారు. ఎగుమతిదారు, ఆయన కింద ఏజెంటు, ఏజెంటు కింద ఇంట్లో కూర్చున్న ఆడమనిషి. పైన ఉన్నవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే, కింద ఉన్నవాళ్ళు అందరూ ఆడవాళ్ళే. కాలవలు వచ్చి పొలాలు పండాక కొంచెం కుదుటపడ్డ ఇళ్ళలో ఆడవాళ్ళు పొలానికి వెళ్ళడం నామోషీ అయ్యింది. ఘోషా అన్నారు. గడప దాటకూడదు, కానీ చేతిలో డబ్బూ కావాలి. వాళ్ళ ఇళ్ళలోకీ లేసు వచ్చింది. అలా ఊళ్ళో అన్ని కులాల ఆడవాళ్ళూ కుట్టే పనయ్యింది.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మనీ దేశపు ఆవిడ మన నర్సాపురం ప్రాంతానికి వచ్చి లేసు కుట్టే ఆడవాళ్ళతో మాట్లాడి, 1982లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వేసింది. నర్సాపురం లేసు పనివాళ్ళ మీద ప్రపంచమంతా చదివిన పుస్తకం అది. మనం చదవలేదు, మన గురించే అయినా. మా మండలంలో పనిచేసిన ఒక మేడమ్ గారు నాకు అందులో ముఖ్యమైనవి తెలుగులో చెప్పారు. రోజుకి ఆరేడు గంటలు కుట్టినా ఆ రోజుల్లో రూపాయి కూడా గిట్టేది కాదు. అదే రోజుల్లో పొలంలో కూలికి వెళ్ళే ఆడమనిషికి అంతకంటే ఎక్కువ వచ్చేది. ఎందుకు ఇంత తక్కువ అంటే, "వాళ్ళు పనివాళ్ళు కారు, ఇంట్లో ఖాళీగా కూర్చుని తీరిక వేళ కుట్టుకుంటున్నారు" అని అందరూ అనుకోవడమే కారణమని ఆవిడ రాసింది. ఈ ముక్క వినగానే మా అమ్మ, "తీరిక వేళా? పొయ్యి మీద అన్నం ఉడికే లోపల, దీపం పెట్టాక, పిల్లలు పడుకున్నాక. అది తీరికా?" అంది.

పనిని ముక్కలు చేశారు. చేతిపని చేసేవాళ్ళు పువ్వులు మాత్రమే కుడతారు. అతుకుపని వాళ్ళు ఆ పువ్వుల్ని కలుపుతారు. ఒకావిడ పదిహేనేళ్ళ వయసు నుండి ఒకటే రకం పువ్వు కుడుతూ ఉంటుంది. ఆ పువ్వు ఏ బల్లగుడ్డలో చేరిందో, ఆ బల్లగుడ్డ ఏ దేశంలో ఎవరి భోజనం బల్ల మీద పరిచారో ఆవిడకి తెలియదు. మా అమ్మమ్మ నలభై ఏళ్ళు కుట్టింది. ఏజెంటుకి ఇచ్చిన వాటిలో పూర్తయిన వస్తువు ఒక్కటి కూడా ఆవిడ చూడలేదట.

మరి ఇళ్ళలో లేసు ఎలా మిగిలింది? ఏజెంటు దారం బండిళ్ళ లెక్కన ఇచ్చి సరుకు లెక్కన తీసుకునేవాడు. బిగించి కుడితే ప్రతి బండిల్లో కొంచెం దారం మిగిలేది. మిగులు దారం అనేవారు. దాన్ని చిన్న ఉండగా చుట్టి, బియ్యం డబ్బాలో దాచేవారు. కొంతమంది ఏజెంట్లు అది కూడా అడిగేవారు, అందుకే బియ్యం డబ్బా. అలా ఏళ్ళ తరబడి దాచిన దారంతో కూతురు పెళ్ళికి దిండు గలీబులు, గుమ్మానికి తోరణం, పుట్టబోయే బిడ్డకి టోపీ, చిన్న గౌను, ఊయల మీద కప్పే గుడ్డ కుట్టేవారు. ఇది ఆర్డరు పని కాదు. ఎవరూ డిజైన్ ఇవ్వలేదు. పువ్వూ తనదే, అతుకూ తనదే, అంచూ తనదే. మొదటి గొలుసు నుండి చివరి ముడి వరకు ఒక్క మనిషి చేతి మీద నడిచిన పని అది ఒక్కటే. అందుకే మీ ఇంట్లో పాత గలీబు ఉంటే దాన్ని పాత గుడ్డ అనుకోకండి. దారం రంగు కూడా చూడండి. ఒక్కోచోట కొంచెం తెలుపు, ఒక్కోచోట కొంచెం గోధుమ రంగు తేడా కనిపిస్తుంది. మూడు నాలుగేళ్ళ బండిళ్ళ మిగులు అది.

మా ఇంట్లో ఉన్నది అమ్మమ్మ వాళ్ళమ్మ కుట్టిన ఊయల గుడ్డ. ఆవిడ కుట్టింది అమ్మమ్మ కోసం. అందులో అమ్మమ్మ, తర్వాత మా అమ్మ, మా మావయ్యలు, నేను, నా పిల్లలిద్దరూ పడుకున్నాం. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. కోనసీమ, మా వైపు కొబ్బరి చెట్లు విరిగి పడ్డాయి, మా తాటాకు ఇల్లు కప్పు లేచిపోయింది. ట్రంకుపెట్టెలో నీళ్ళు నిలిచాయి. కాగితాలు, ఫొటోలు, అమ్మ పెళ్ళి చీర అన్నీ పాడయ్యాయి. లేసు గుడ్డ మాత్రం బురదలోంచి తీసి, కుంకుడుకాయ రసంతో ఉతికి, మంచం మీద పరిచి ఆరబెడితే మళ్ళీ నిలబడింది. ఒక మూల తుప్పు మరక మిగిలింది, ట్రంకుపెట్టె గొళ్ళెం మరక. అది ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పోయిన ఏడాది ఒక వ్యాపారి మా ఊళ్ళలో తిరిగి పాత లేసు ముక్కలు కొన్నాడు. ఒక్కోటి రెండు వందలు, మూడు వందలు. మా సంఘంలో నలుగురు ఇచ్చేశారు. వాళ్ళని తప్పు పట్టడం లేదు, ఆ నెల వాయిదా కట్టాలి, చేతిలో లేవు. కానీ అతను అవి ఎందుకు కొన్నాడో తెలుసుకోవాలి కదా. ఇంటి అలంకారానికి కాదు. పాత డిజైన్ల కోసం. మనకి పాత డిజైన్లు ఎక్కడా కాగితం మీద లేవు. మనవాళ్ళు గ్రాఫ్ పేపరు చూసి కుట్టలేదు, ముక్క చూసి ముక్క కుట్టారు. అంటే ఆ గలీబే డిజైన్ పుస్తకం. మనం రెండు వందలకి ఇచ్చేసింది గుడ్డని కాదు, పుస్తకాన్ని.

ఇంకో చోట మనవరాలు వాళ్ళ నాయనమ్మ బల్లగుడ్డని కత్తిరించి జాకెట్టు చేతులకి వేయించుకుంది. ఫంక్షన్లో చాలా బాగుందని అందరూ అన్నారట. క్రోషా లేసుని మధ్యలో కత్తిరిస్తే అంచులు విడిపోతాయి, ఎంత కుట్టు వేసినా కొన్నాళ్ళకి ఊడుతుంది. ఆ జాకెట్టు రెండు ఉతుకులకి పోయింది. కత్తెర పెట్టే ముందు ఒకసారి ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి తల్లీ.

2024లో మన నర్సాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది. భౌగోళిక గుర్తింపు అంటారు. ఈ పేరు పెట్టి వేరే ప్రాంతం సరుకు అమ్మకూడదని అర్థం. ఆ చట్టం 1999 నాటిది. గుర్తింపు కావాలంటే ఆ పని ఈ ప్రాంతంలో ఎప్పటి నుండి ఉందో చరిత్ర చూపించాలి. గుర్తింపు వచ్చేసింది కదా అని కూర్చుంటే మనకి దక్కేది ఏమీ లేదు. ఆ గుర్తు వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవాలి, అది ఎవరికి వారు గానీ సంఘంగా గానీ దరఖాస్తు పెట్టుకోవాలి. మనం పెట్టుకోకపోతే ఏజెంట్లు పెట్టుకుంటారు. నూరేళ్ళ నుండి జరుగుతున్నదే మళ్ళీ జరుగుతుంది. దీని మీద మండల సమాఖ్య మీటింగులో చర్చ పెట్టాలని మా గ్రామ సంఘం తీర్మానం రాసి ఇచ్చింది.

చైనా మిషను లేసు మన పొట్ట కొట్టిందని అందరికీ తెలుసు. కొనేవాళ్ళకి తేడా తెలియదు, మనకైనా తెలియాలి. క్రోషా అల్లికని నిజంగా మిషను చెయ్యలేదు, అలా కనిపించేలా చేస్తుంది అంతే. మన చేతి లేసులో ఒకటే దారం గొలుసు మీద గొలుసుగా నడుస్తుంది. చివరి ముడి విప్పి లాగితే వరస వెనక వరస ఊడి వస్తుంది. మిషను లేసు అలా ఊడదు, సన్న కుట్టుదారాలు పీచులుగా లేస్తాయి. పువ్వులన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. చేతి పువ్వుల్లో చిన్న తేడా ఉంటుంది, మనిషి చెయ్యి కదా.

దాచుకునేవాళ్ళకి నాకు తెలిసినంతలో చెబుతాను. ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, మన సముద్రగాలికి చెమ్మ పట్టి బూజు వస్తుంది. పాత నూలు చీర ముక్కలో చుట్టండి. గంజి పెట్టి దాచవద్దు, పురుగు వస్తుంది, వాడేటప్పుడే పెట్టుకోవాలి. కలరా ఉండలు లేసుకి తగలకుండా విడిగా గుడ్డలో కట్టి పెట్టాలి. ఇనుప పెట్టె అయితే అడుగున గుడ్డ వెయ్యండి, మా గుడ్డ మీద మరక ఎలా వచ్చిందో చెప్పాను. ఏడాదికి రెండుసార్లు తీసి, మడత మార్చి పెట్టాలి. ఒకటే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే అక్కడే దారం తెగుతుంది. ఉతికాక పిండకూడదు, తీగ మీద వెయ్యకూడదు, నీడలో పరిచి ఆరబెట్టాలి.

ముఖ్యంగా ఎవరు కుట్టారో, ఎవరి కోసం కుట్టారో ఒక గుడ్డముక్క మీద రాసి దానికి తగిలించండి. రాయడం రానివాళ్ళకి బడికెళ్ళే పిల్లలతో రాయించండి. మా సంఘంలో ఇలా ఇప్పటికి పదకొండు ఇళ్ళలో పంతొమ్మిది ముక్కలు తేలాయి. తీర్మానాల పుస్తకం వెనక పేజీల్లో నేనే ఎక్కించాను. వాటిలో కొన్నింటి ఫొటోలు సెల్లో తీశాం గానీ, ఫొటో చూసి కుట్టడం రాదు. గొళ్ళు లెక్కపెట్టాలి.

మా ఊయల గుడ్డ అంచుకి తామరాకులా ఒక వరస ఉంది. ఈ సంక్రాంతి తర్వాత మేము నలుగురం కూర్చుని దాన్ని చూసి కొత్త దారంతో కుట్టడం మొదలుపెట్టాం. ఎనిమిది వరసల వరకు వచ్చింది. తొమ్మిదో వరసలో ఆకు వంపు తిరిగే చోట ఎన్ని గొలుసులు వదిలిందో ఎంత లెక్కపెట్టినా కలవడం లేదు, ఆకు ముడుచుకుపోతోంది. మొగల్తూరు వైపు మా పిన్నమ్మ వాళ్ళ అత్తగారికి ఎనభై దాటాయి, కళ్ళు సరిగా ఆనవు కానీ వేళ్ళతో తడిమి ఎన్ని గొళ్ళో చెబుతుందట. వచ్చే ఆదివారం గుడ్డ తీసుకుని ఆవిడ దగ్గరకి వెళ్తున్నాం. రాదలుచుకున్నవాళ్ళు శనివారం సాయంత్రంలోగా చెబితే ఆటోలో చోటు ఉంచుతాం.