రక్తకేన్సరు పిల్లలకు సిరాగొట్టములు: ఎంపిక చరిత్ర

పాంచాలంకురిచ్చి సీమ తెలుగువారికి 1799 నాటి కట్టబొమ్మ నాయకుని చరిత్ర కంఠస్థము. మరియొక తెలుగువాని చరిత్రయు మన బిడ్డల ప్రాణములతో ముడివడియున్నది.

1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనలకు సారథ్యము వహించుచుండగా అమినోప్టెరిన్ అను మందు అచ్చట తయారయ్యెను. సిడ్నీ ఫార్బరు దానిని 16 మంది రక్తకేన్సరు పిల్లలకిచ్చి, 10 మందిలో మెరుగుదల కనిపించినట్లు 1948లో ప్రకటించెను. ఆ యేటనే సుబ్బారావు కీర్తిశేషుడయ్యెను.

పిమ్మట మందులు పెరిగెను. చికిత్స రెండు మూడేండ్లకు సాగెను. మాటిమాటికి సూది గ్రుచ్చుటచే చిన్నసిరలు చెడును. కొన్ని మందులు సిర వెలుపలికి కారినచో కండ పుండగును. ఈ చిక్కునకు సియాటిల్ నగరమున మార్గమేర్పడెను. 1973లో బ్రోవియాక్ పోషకద్రవము నెక్కించుటకును, 1979లో హిక్మన్ మజ్జమార్పిడి రోగులకును, గుండెచెంతనున్న మహాసిరలోనికి పోవు మెత్తని గొట్టములను రూపొందించిరి. 1980 తరువాత చర్మము క్రింద దాగు పోర్టు వాడుకలోనికి వచ్చెను.

ఏది మేలు? వెలుపల వ్రేలాడు గొట్టమునకు సూదిపోటు లేదు. కాని కట్టు తడియరాదు, నిత్యశుభ్రత వలయును. పోర్టునకు ప్రతిమారు సూది తప్పదు. సూది తీసిన పిమ్మట స్నానమునకును ఆటకును అడ్డులేదు, సూక్ష్మజీవులు సోకుటయు సాధారణముగా తక్కువ. అయితే అమర్చుటకును తీయుటకును శస్త్రచికిత్స కావలయును. చేతిసిరగుండా పోవు పిక్ గొట్టము నమర్చుట సులభము. అది కొన్ని వారములకో నెలలకో తగును.

కావున నీటికొరతగల కోవిల్పట్టి, విరుదునగరు పల్లెలనుండి మదురకో చెన్నైకో పోవు తల్లిదండ్రులు ఇంటి నీటివసతిని, ఆసుపత్రి దూరమును వైద్యునకు ముందుగనే తెలుపవలెను. ఏ గొట్టమున్నను, జ్వరముగాని చలివణకుగాని తోచినచో తెల్లవారుదాక వేచియుండరాదు.