మగ్గాల పేట, బాలింత నడుంకట్టు

మన చింతాద్రిపేట మగ్గాల మీద పుట్టిన ఊరు. 1734లో గవర్నర్ జార్జ్ మార్టన్ పిట్ హయాంలో, సుంకురామశెట్టి తోట స్థలంలో నేతగాళ్లను, నూలు వడికేవాళ్లను కుదిర్చారు. 'చిన్న తరి పేట', అంటే చిన్న మగ్గాల పేట, అన్న మాటే నేటి పేరైందంటారు.

మన ఇళ్లలో బాలింత నడుముకు కట్టేదీ నూలుగుడ్డే. ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరను మడిచి పొట్ట చుట్టూ బిగించేవాళ్లు అమ్మమ్మలు. 1844లో మొదలైన ప్రసూతి ఆసుపత్రి తర్వాత కూవం అవతల ఎగ్మూరులో స్థిరపడింది. కాన్పులు ఆసుపత్రికి మారినా కట్టు పోలేదు. ఇప్పుడది బెల్టుగా మందుల షాపుల్లో దొరుకుతోంది.

కట్టు నడుముకు ఆసరా ఇస్తుంది. సాగిన చర్మాన్ని మాత్రం వెనక్కి తేలేదు. గర్భసంచి మామూలు స్థితికి రావడానికే ఆరు వారాలు పడుతుంది. పొట్ట మధ్యలో ఎడమైన కండరాలు దగ్గరపడటానికి నెలలు పట్టొచ్చు. కొందరికి ఫిజియోథెరపీ కావాలి. చారలు వెలిసిపోతాయి గాని పూర్తిగా పోవు. ఆపరేషన్ కాన్పయితే డాక్టరును అడిగాకే కట్టాలి.

అందుకే బారసాలలో బాలింతను చూసి "పొట్ట ఇంకా తగ్గలేదేమ్మా?" అనకుండా ఉందాం. "వేళకు తింటున్నావా, నిద్ర పడుతోందా?" అని అడుగుదాం.