కొలిచినవాళ్లు చెప్పలేదు

1979 మార్చి 28న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. ప్రపంచ పత్రికలన్నీ రోజుల తరబడి దాని గురించే రాశాయి. ఇప్పటికీ అమెరికాలో అణు ప్రమాదం అంటే ముందు ఆ పేరే వస్తుంది. ఆ ప్రమాదంలో గాలిలో కలిసిన రేడియో ధార్మిక అయోడిన్-131 సుమారు 15 క్యూరీలు (క్యూరీ అంటే ధార్మికతను కొలిచే ప్రమాణం). అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1949 డిసెంబరు 2 రాత్రి, వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్ ప్లుటోనియం కర్మాగారం పొగగొట్టం నుంచి దాదాపు 8 వేల క్యూరీల అయోడిన్-131ను కావాలనే వదిలారు. అది సైనిక ప్రయోగం. సోవియట్ యూనియన్ ఆ ఏడాది ఆగస్టులోనే తొలి అణు పరీక్ష జరిపింది. అక్కడి కర్మాగారాల జాడను గాలిని బట్టి పసిగట్టే విద్య నేర్చుకోవాలని, నెలల తరబడి చల్లార్చాల్సిన ఇంధనాన్ని పదహారు రోజులకే కరిగించి, అందులోంచి వచ్చిన వాయువును వడపోత లేకుండా వదిలేశారు. గాలివాటున ఉన్న పల్లెలకు ఆ రాత్రీ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. 1986లో ప్రజల ఒత్తిడికి తలొగ్గి ప్రభుత్వం 19 వేల పేజీల పత్రాలు బయటపెట్టాకే జనానికి ఆ సంగతి తెలిసింది. పదిహేను క్యూరీల కథ లోకమంతా ఎరుగు. ఎనిమిది వేల క్యూరీల కథ, ఆ గాలి పీల్చినవాళ్లకే ముప్పై ఆరేళ్లు తెలియదు.

నేను ఇప్పుడు బతుకుతున్న అమెరికా అణు చరిత్రను వినుకొండ చుట్టుపక్కల మిరప, పత్తి పండించుకునే మనవాళ్ల ముందు పెట్టాలనుకోవడానికి కారణం ఈ తేడాయే. అణ్వస్త్రం అనగానే మనకు హిరోషిమా, నాగసాకి గుర్తొస్తాయి, రావాలి కూడా. ఆ రెండు నగరాల్లో 1945 ఆఖరుకే రెండు లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. అయితే ఆ బాంబులు తయారుచేసిన దేశం తన సొంత పౌరులకు ఏం చేసిందన్నది మన దగ్గర పెద్దగా చెప్పుకోని చరిత్ర. అందులో పదేపదే కనిపించేది ఒకటే: ఈ దేశపు సామాన్యులకు జరిగిన కీడులో ఎక్కువ పాలు అనుకోని ప్రమాదాల వల్ల వచ్చింది కాదు, తెలిసినవాళ్లు చెప్పకపోవడం వల్ల వచ్చింది. కొలతలు ఉన్నాయి, కొలిచినవాళ్లూ ఉన్నారు. ఆ అంకెలు మాత్రం వాటితో బతకాల్సిన మనిషికి చేరలేదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని, హైదరాబాదులో అణు ఇంధన కర్మాగారం, మణుగూరులో భారజల కేంద్రం, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అమెరికా రియాక్టర్ల ప్రతిపాదన ఉన్న తెలుగు నేలకు ఇది పరాయి చరిత్ర కాదు.

హాన్‌ఫర్డ్ కొలంబియా నది ఒడ్డున ఉంది. 1943లో అక్కడి పళ్లతోటల రైతుల్ని, చిన్న ఊళ్లవాళ్లని దాదాపు 1,500 మందిని ఖాళీ చేయించారు. కొందరికి నెల రోజులే గడువు. తరతరాలుగా ఆ నది చేపల మీద బతికిన వనపమ్ తెగవాళ్లూ ఆ ఒడ్డుకు దూరమయ్యారు. అక్కడ పనిచేసిన వేలాది కార్మికుల్లో చాలామందికి తాము దేనికోసం పనిచేస్తున్నామో తెలియదు. నాగసాకి మీద వేసిన బాంబులోని ప్లుటోనియం అక్కడే తయారైంది. రియాక్టర్లను చల్లార్చిన నీటిని తిరిగి నదిలోకే వదిలారు. నది కలిసే పసిఫిక్ తీరంలోని ఆల్చిప్పల్లో సైతం రేడియో ధార్మిక జింకు కనిపించింది. నాలుగు దశాబ్దాల ఉత్పత్తిలో మిగిలిన వ్యర్థం ఈనాటికీ 177 భూగర్భ ట్యాంకుల్లో సుమారు 21 కోట్ల లీటర్లు ఉంది. కొన్ని ట్యాంకులు కారాయి. శుభ్రం చేసే ఒప్పందం 1989లో కుదిరింది, ఆ పని ఇంకా దశాబ్దాలు సాగుతుంది. బాంబు తయారీకి పట్టిన కాలం రెండున్నర ఏళ్లు. దాని చెత్త ఎత్తడానికి మూడు తరాలు చాలడం లేదు.

అయోడిన్-131 మనిషిని చేరే దారి పాడి ఉన్న ఏ ఇంటికైనా సులువుగా అర్థమవుతుంది. అది పచ్చిక మీద పడుతుంది, ఆవు మేస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పాలలోకి దిగుతుంది, ఆ పాలు తాగిన పసిబిడ్డ గొంతులోని థైరాయిడ్ గ్రంథిలో పేరుకుంటుంది. ఎనిమిది రోజులకోసారి దాని బలం సగానికి తగ్గుతుంది. అంటే, ఆ కొద్ది వారాలు తాజా పాలు ఆపి నిల్వ పాలపొడి వాడితే ముప్పు చాలావరకు తప్పుతుంది. ఖర్చు లేని ఉపాయం, ఒక్క మాట చెబితే సరిపోయేది. నెవాడా ఎడారిలో 1951 నుంచి 1962 దాకా ఆరుబయట దాదాపు వంద అణు పరీక్షలు జరిపినప్పుడు ఆ మాట ఎవరికి చెప్పారో చూడండి. 1951 జనవరిలో పేలుళ్లు మొదలవగానే, వేల కిలోమీటర్ల దూరంలోని న్యూయార్క్ రాష్ట్రంలో పడిన మంచులో రేడియో ధార్మిక ధూళి ఉందని కొడాక్ కంపెనీ కనిపెట్టింది. ఫొటో ఫిల్ము పాడవుతుందని గట్టిగా ఆక్షేపించింది. అణుశక్తి కమిషన్ దిగివచ్చి, పరీక్షలు ఎప్పుడు, ధూళి ఎటు అన్న సమాచారం ఫిల్ము కంపెనీలకు ముందే ఇస్తామని ఒప్పుకుంది. పిల్లలకు పాలు పట్టే తల్లులకు మాత్రం ప్రమాదమేమీ లేదని చెప్పింది. 1997లో జాతీయ క్యాన్సర్ సంస్థ వెలువరించిన అధ్యయనాన్ని బట్టి, ఆ పరీక్షల అయోడిన్ వల్ల దేశం మొత్తమ్మీద 11 వేల నుంచి 2 లక్షల 12 వేల దాకా అదనపు థైరాయిడ్ క్యాన్సర్లు రావచ్చని అంచనా కట్టారు. ఆ అంచనాలో కింది అంకెనే నమ్మినా, ఫిల్ముకు దక్కిన జాగ్రత్త బిడ్డకు దక్కలేదన్నది నిజం.

గనుల దగ్గర జరిగింది ఇంతకన్నా ఘోరం. అమెరికా ఆదివాసులైన నవాహో తెగవాళ్ల నేల నుంచి 1944–86 మధ్య సుమారు 3 కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వారు. యురేనియం ఉన్న గనుల్లో ఊపిరితిత్తుల జబ్బుతో కార్మికులు చనిపోతారని, అది క్యాన్సరేనని యూరప్ వైద్యులు 1879లోనే రాశారు. అమెరికా ప్రజారోగ్య శాఖ 1950 నుంచి ఈ గని కార్మికుల ఆరోగ్యాన్ని పరిశీలించింది. రక్తం తీసుకున్నారు, ఎక్స్‌రేలు తీశారు, చావులు లెక్క రాసుకున్నారు. ఈ గాలి ప్రాణాంతకం కావచ్చని మాత్రం వాళ్లకు చెప్పలేదు. చెబితే పని మానేస్తారని భయం. గనిలోకి గాలి బాగా ఆడేలా ఫ్యాన్లు పెడితే యురేనియం నుంచి పుట్టే ధార్మిక రేడాన్ వాయువు తగ్గుతుందని తెలుసు. అయినా దేశమంతటికీ వర్తించే పరిమితి 1967 దాకా రాలేదు. కార్మికులు గనిలో కారే నీళ్లు తాగారు, దుమ్ము బట్టలతో ఇంటికెళ్లారు, గని రాళ్లు తెచ్చి ఇళ్ల గోడలు కట్టుకున్నారు. 1979 జులై 16న, త్రీ మైల్ ఐలాండ్ జరిగి నాలుగు నెలలు నిండకముందే, న్యూమెక్సికోలోని చర్చ్ రాక్ వద్ద యురేనియం వ్యర్థాల చెరువు కట్ట తెగింది. 35 కోట్ల లీటర్ల ఆమ్ల జలం, వెయ్యి టన్నులకు పైగా వ్యర్థం పువెర్కో వాగులో పడ్డాయి. ఆ వాగు నీళ్లే అక్కడి గొర్రెల మందలకు దిక్కు. కట్టలో పగుళ్లు అంతకుముందే కనిపించాయి, నమోదు కూడా అయ్యాయి. అమెరికా చరిత్రలోనే అతి పెద్ద రేడియో ధార్మిక వ్యర్థాల ప్రవాహాల్లో అదొకటి. పట్నాలకు దగ్గర్లో జరిగినది లోకానికెక్కింది, గొర్రెల కాపరుల వాగులో జరిగినది ఎక్కలేదు.

ఇంత చెప్పాక ఎదురయ్యే మొదటి ప్రశ్న గట్టిదే. హాన్‌ఫర్డ్ చుట్టూ పెరిగిన పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించి 2002లో ఇచ్చిన తుది నివేదిక, ధార్మికత మోతాదుకూ థైరాయిడ్ జబ్బులకూ సంబంధం కనబడలేదని తేల్చింది. మరి కీడు జరిగిందనడానికి రుజువేది అని అడగవచ్చు. ఈ నివేదికను దాటవేసి వాదించడం న్యాయం కాదు. కానీ ఆ పరిశీలన ఎలా చేయాల్సి వచ్చిందో చూడాలి. పొగ వదిలిన రోజుల్లో ఏ బిడ్డ గొంతులో ఎంత అయోడిన్ ఉందో ఎవరూ కొలవలేదు. నలభై, యాభై ఏళ్ల తర్వాత గాలి లెక్కలు వేసి, ముసలి తల్లులను కూర్చోబెట్టి మీ బిడ్డకు రోజుకు ఎన్ని గ్లాసుల పాలు పట్టారు, ఆవు మీదేనా, కొట్టు పాలా అని అడిగి మోతాదులు ఊహించారు. అలాంటి అంచనాల మీద సంబంధం ఉందని తేల్చడమూ కష్టమే, లేదని ఘంటాపథంగా చెప్పడమూ కష్టమే. బాధితులు 1990లో వేసిన దావాల్లో ఒక జ్యూరీ 2005లో ఇద్దరికి పరిహారం ఇప్పించింది, మిగతావి 2015 దాకా సాగాయి. రహస్యం అప్పుడు జాగ్రత్త పడే అవకాశాన్ని తీసేసింది, ఆ తర్వాత రుజువు చేసుకునే అవకాశాన్నీ తీసేసింది. రుజువు లేదన్న మాట, రుజువును పుట్టనివ్వనివాళ్ల నోట చెల్లదు.

రెండో ప్రశ్న కరెంటు గురించి. బొగ్గు పొగకు ఏటా చచ్చిపోయేవాళ్లతో పోలిస్తే అణు విద్యుత్తు వల్ల చనిపోయినవాళ్లు చాలా తక్కువ, భూతాపం పెరుగుతున్న రోజుల్లో అణుశక్తిని కాదనడం తెలివేనా అంటారు. యూనిట్‌కు ఇంతమంది అని లెక్కవేస్తే ఆ మాట నిజమే. త్రీ మైల్ ఐలాండ్ చుట్టుపక్కల ఆరోగ్యానికి పెద్ద హాని జరిగినట్టు అధ్యయనాల్లో నిర్ధారణ కాలేదు. ఎండాకాలం బోర్ల మీద మిరప తోట కాపాడుకునే రైతుకు కరెంటు వద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. నా వాదం రియాక్టర్ వద్దని కాదు. రియాక్టర్ దగ్గర చావులు తక్కువని చూపే లెక్కలో గని కార్మికుడి ఊపిరితిత్తులు, వ్యర్థాల చెరువు కింది బోరు సాధారణంగా చేరవు. చేర్చాక కూడా అణు విద్యుత్తే మేలని తేలవచ్చు. అలా తేలాలన్నా ఆ అంకెలు ముందు బయటికి రావాలి కదా.

మూడోది, దేశ భద్రతకు రహస్యం తప్పదని, అంకెలు చెబితే జనం బెంబేలెత్తిపోతారని. బాంబు నిర్మాణం రహస్యమే, కాదనను. పాలలోని అయోడిన్ ఏ శత్రువుకూ పనికొచ్చే రహస్యం కాదు. ఇక భయం సంగతికొస్తే, త్రీ మైల్ ఐలాండ్ దగ్గర జనం ఇళ్లొదిలి పరుగెత్తింది అంకెలు విని కాదు. కంపెనీ ఒకటి, అధికారులు మరొకటి చెప్పడంతో ఏది నమ్మాలో తెలియని స్థితి వచ్చింది. అయిదు మైళ్ల లోపున్న గర్భిణులు, చంటిపిల్లలు వెళ్లిపోవడం మంచిదని గవర్నరు చెబితే, దాదాపు లక్షా నలభై వేల మంది కదిలిపోయారు. ఇదంతా పాతకాలపు సంగతి, ఇప్పుడు చట్టాలు మారాయి అనేవారికి పరిహారం చరిత్రే జవాబు. గని కార్మికులకు లక్ష డాలర్లు, గాలివాటు ప్రాంతాల బాధితులకు 50 వేల డాలర్లు ఇచ్చే చట్టం 1990లో వచ్చింది. 1945 జులై 16న తొలి బాంబును న్యూమెక్సికోలోనే పేల్చారు. మందుగుండు గిడ్డంగి పేలిందని అప్పట్లో బొంకారు. ఆ చుట్టుపక్కల పల్లెలకే ఆ చట్టంలో చోటు దక్కలేదు. 2024 జూన్‌లో చట్టం గడువు తీరిపోయింది. 2025 జులైలో దాన్ని తిరిగి తెచ్చినప్పుడు ఆ పల్లెలను చేర్చారు. అందుకు ఎనభై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు మన నేలకు రండి. తుమ్మలపల్లె గని, శుద్ధి కర్మాగారం 2012 నుంచి నడుస్తున్నాయి. వ్యర్థాల చెరువు దగ్గర్లోని ఊళ్ల రైతులు తమ బోర్ల నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని, చర్మవ్యాధులు వస్తున్నాయని చాలాకాలంగా చెబుతున్నారు. చెరువు అడుగున వేయాల్సిన పొర విషయంలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసు కూడా ఇచ్చింది. అక్కడి భూగర్భజలాల్లో యురేనియం సహజంగానే ఉందని గని నడిపే ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్ జవాబు. రెండు మాటల్లో ఏది నిజమో తేలాలంటే, తవ్వకానికి ముందు ఏ ఊరి ఏ బోరులో ఎంత ఉందో రైతు దగ్గరే కాగితం ఉండాలి. అది లేనిచోట హాన్‌ఫర్డ్ తల్లుల పరిస్థితే మనదీ. ఇది వినుకొండకు దూరపు గొడవ అనుకోవద్దు. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం తవ్వాలని ప్రతిపాదించి 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. అది నాగార్జునసాగర్ జలాశయానికి కొద్ది కిలోమీటర్ల దూరం. జనం ఎదిరించారు, గని రాలేదు, ఖనిజం మాత్రం అక్కడే ఉంది. ఆ జలాశయం నీళ్లే కుడి కాలువలో పారి గుంటూరు, ప్రకాశం పొలాలు తడుపుతున్నాయి. 2019లో నల్లమలలో అన్వేషణకు కేంద్రం సూత్రప్రాయంగా అనుమతిస్తే తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానించింది. మన గుండ్లకమ్మ పుట్టింది ఆ నల్లమలలోనే. నీళ్లలో విషం ఉందని తెలిసి కూడా కాలయాపన జరగడం మనకు కొత్త కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం పల్లెల్లో ఫ్లోరైడ్ జబ్బును వైద్యులు 1937లోనే గుర్తించారు. ఆ తర్వాత ఎన్ని తరాలు అవే నీళ్లు తాగి నడుములు వంగిపోయాయో ఆ ఊళ్లనడిగితే చెబుతాయి.

అందుకే గని కావాలా వద్దా అన్న చర్చకన్నా ముందు మనం పట్టుబట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. తవ్వకానికి ముందే ప్రతి ఊరి బోర్లు, బావులు, చెరువుల నీటిని పరీక్షించి, ఆ ఫలితాలు తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడ మీద పెట్టాలి. గని నడిపే సంస్థతోనూ, దాన్ని ప్రోత్సహించే శాఖతోనూ సంబంధం లేని విశ్వవిద్యాలయం ఆ కొలతలు ఏటా మళ్లీ తీయాలి. అణు భద్రతను నియంత్రించే ఏఈఆర్‌బీకి స్వతంత్ర ప్రతిపత్తి లేదని కాగ్ 2012లోనే తప్పుపట్టింది కాబట్టి ఈ షరతు అత్యాశ కాదు. కార్మికుడి ఆరోగ్య రికార్డు నకలు కార్మికుడి చేతిలో ఉండాలి, పరిహార నిధి గనికి అనుమతి ఇచ్చిన రోజే జమ కావాలి. ఇవి దేశద్రోహపు కోరికలు కావు, అభివృద్ధికి అడ్డుపుల్లలూ కావు. అణుశక్తి నిజంగానే అంత భద్రమైతే ఈ అంకెలే దానికి సాక్ష్యం చెబుతాయి. భద్రం కాకపోతే, అమెరికా పౌరుల్లా ఎనభై ఏళ్లు ఆగకుండా మొదటి ఏడే మనకు తెలుస్తుంది. ఈ షరతులకు ఒప్పుకోని ప్రాజెక్టు ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చిన రోజున, ఊరు వద్దని చెప్పడానికి అంతకుమించిన కారణం చూపక్కర్లేదు.