అధికసంఖ్యాకుల భాష – భద్రతా సూచికలు: చట్టపాఠం, ఏలూరు జిల్లా పని ప్రదేశాల నేపథ్యం

వ్యాససంగ్రహం:
పని ప్రదేశంలోని హెచ్చరిక ఏ భాషలో ఉండాలనే ప్రశ్నకు స్వతంత్ర భారత చట్టాలు ఇచ్చిన సమాధానాలను ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది. ‘ఎక్కువమందికి అర్థమయ్యే భాష’ అనే ప్రమాణం వలస కార్మికుల కాలంలో చాలదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: భద్రతా సూచికలు, ఫ్యాక్టరీల చట్టం, వలస కార్మికులు, వ్యవహారభాష, ఏలూరు జిల్లా.

1. ప్రవేశిక
ఏలూరు, దెందులూరు, కొల్లేటి పరిసరాల్లో రైసు మిల్లులు, చేపల ప్యాకింగ్ షెడ్లు, ఐసు ప్లాంట్లు జీవనాధారాలు. మిల్లులో తిరిగే బెల్టు, ఐసు ప్లాంటులో అమ్మోనియా గొట్టం చెప్పి ప్రమాదం తేవు. ఆ చెప్పే పని గోడమీది సూచికది. అది ఎవరి భాషలో చెబుతుందన్నది ప్రాణాలకు సంబంధించిన భాషాసమస్య.

2. చట్టపాఠంలో భాష
1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ ప్రకారం నోటీసులు ఇంగ్లీషులోను, కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోను ఉండవలసి ఉండేది. అవి ప్రధాన ద్వారం వద్ద స్పష్టంగా కనిపించాలని, చదవడానికి వీలుగా శుభ్రంగా ఉండాలని ఆ సెక్షన్ కోరింది. 38వ సెక్షన్ తొలిపాఠం అగ్నిప్రమాదంలో తప్పించుకునే మార్గాలను అటువంటి భాషలో ఎర్రని అక్షరాలతో గాని, స్పష్టంగా అర్థమయ్యే మరో గుర్తుతో గాని సూచించమన్నది. 1976 సవరణతో ఆ సెక్షన్ స్వరూపం మారింది.

1956 విద్యుత్ నియమాల్లోని 35వ నియమం మరో దారి పట్టింది. హిందీ లేదా ఇంగ్లీషుతోపాటు జిల్లాలోని స్థానిక భాషను, పుర్రె–ఎముకల గుర్తును కోరింది. విద్యుత్ నియమం ప్రాంతపు భాషను చూసింది. ఫ్యాక్టరీల చట్టం పనిచేసే మనిషి అవగాహనను చూసింది. రెండోది మరింత మానవీయమైనదే. అయితే అది ఎక్కువమంది దగ్గరే ఆగింది.

3. మాట ఎంపిక
చట్టం కోరింది ‘అర్థమయ్యే’ భాషను; గ్రాంథికతను కాదు. ‘నిష్క్రమణ ద్వారము’ కన్నా ‘బయటకు దారి’ కార్మికునికి త్వరగా అందుతుంది. ‘ప్రమాదం’ అనే మాట సంస్కృతంలో ఏమరుపాటు; తెలుగు వాడుకలో జరిగిన దుర్ఘటనకూ, జరగబోయే ఆపదకూ అదే పేరు. బోర్డుమీద ఒంటరిగా నిలిచిన ‘ప్రమాదం’ దేనికి భయపడాలో చెప్పదు. ‘కరెంటు ఉంది – ముట్టుకోవద్దు’ అన్న వాక్యం ఆపదనూ, చేయవలసిన పనినీ కలిపి చెబుతుంది.

4. గుర్తుల భాష
2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత సుమారు 67 శాతం. అంటే తెలుగులో రాసినా చదవలేనివారు ఎందరో ఉన్నారు. భద్రతా రంగులు, సూచికలపై భారతీయ ప్రమాణం ఐఎస్ 9457, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7010 ఈ లోటు తీర్చే ఉపకరణాలు. ఎర్రని వలయం, అడ్డగీత నిషేధానికి. పసుపు త్రిభుజం హెచ్చరికకు. నీలి వృత్తం తప్పనిసరి చర్యకు. ఆకుపచ్చ చతురస్రం లేదా దీర్ఘచతురస్రం సురక్షిత మార్గానికి గుర్తులు. అయినా ఇవీ నేర్చుకోవలసిన లిపే. నీలి వృత్తంలోని ముసుగు బొమ్మకు అర్థం ఒకసారి చెప్పకపోతే అది అలంకారంగా మిగులుతుంది.

5. అక్కిరెడ్డిగూడెం
2022 ఏప్రిల్ 13 రాత్రి ఏలూరు జిల్లా ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలోని పోరస్ లేబొరేటరీస్ రసాయన కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో ఆరుగురు మరణించారు. వారిలో నలుగురు బీహార్ నుంచి వచ్చినవారు. సూచికల లోపమే కారణమని ఇక్కడి వాదన కాదు. తెలుగు జిల్లాలోని పని ప్రదేశంలో మృతుల్లో ఎక్కువమంది మాతృభాష తెలుగు కాదన్నది గమనించవలసిన విషయం. కార్మికుల్లో అల్పసంఖ్యాకులు ప్రమాదంలో అధికసంఖ్యాకులు కావచ్చు. చట్టంలోని లెక్క ఈ సంభావ్యతను పట్టించుకోలేదు.

6. ముగింపు
వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాక కూడా ఈ ప్రశ్న పాతబడదు. సూచికలు తెప్పించే యాజమాన్యం మొదట ప్రమాదాల జాబితాను, ఆపై ఒక్కో షెడ్డులో పనిచేసేవారి భాషల జాబితాను తయారుచేసుకోవాలి. ప్రామాణిక గుర్తు కింద తెలుగు, అవసరమైనచోట హిందీ, ఒడియా రాయించాలి. కొత్త కార్మికునికి మొదటిరోజే గుర్తులు చూపి, అతని నోట అర్థం చెప్పించుకోవాలి. ‘ఎక్కువమందికి’ అన్నచోట ‘అక్కడున్న ప్రతి ఒక్కరికి’ అని చదువుకున్నప్పుడే 108వ సెక్షన్ ఆశయం నెరవేరుతుంది.