వారసత్వ గృహం

వారసత్వ గృహం అనగా చారిత్రక, వాస్తు లేదా సాంస్కృతిక ప్రాముఖ్యత దృష్ట్యా ప్రభుత్వం జాబితాలో చేర్చి, మార్పులపైనా కూల్చివేతపైనా పరిమితులు విధించిన నివాస భవనం. ఇట్టి ఇల్లు ప్రైవేటు ఆస్తిగానే కొనసాగుతుంది; దానిని అమ్మవచ్చు, కొనవచ్చు, అద్దెకు ఇవ్వవచ్చు. అయితే పరిమితులు యజమానికి గాక కట్టడానికి వర్తిస్తాయి కనుక, ఇంటితో పాటు అవి కూడా కొన్నవారికి సంక్రమిస్తాయి.

చట్ట నేపథ్యం

భారతదేశంలో జాతీయ ప్రాముఖ్యత గల కట్టడాలకు 1958 నాటి కేంద్ర చట్టం, ఇతర కట్టడాలకు రాష్ట్ర చట్టాలు రక్షణ కల్పిస్తాయి. కేంద్ర చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం నుండి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపై మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కనుక ఇల్లు జాబితాలో లేకున్నా, అటువంటి కట్టడానికి సమీపాన ఉంటే ఈ నియమాలు వర్తిస్తాయి.

ప్రజలు నివసించే ఇళ్ళకు ఈ విధమైన రక్షణ బ్రిటనులో విస్తృతంగా కనిపిస్తుంది. అక్కడి నగరాలలో ఒకే గోడను పంచుకుంటూ వరుసగా కట్టిన ఇళ్ళు ఎన్నో జాబితాలో ఉన్నాయి. ఇంటి లోపలి భాగాలకు కూడా రక్షణ ఉంటుంది. పూర్వ యజమాని అనుమతి లేకుండా చేసిన మార్పులను సరిచేయవలసిందిగా కొత్త యజమానిని ఆదేశించవచ్చు.

హైదరాబాదులో

1981 నాటి హుడా జోనింగ్ నిబంధనలలో 1995లో 13వ నిబంధనను చేర్చారు. దీని ప్రకారం జాబితాలోని భవనాలను ముందస్తు అనుమతి లేనిదే కూల్చరాదు, మార్చరాదు. అనుమతుల విషయమై సలహా ఇచ్చుటకు వారసత్వ పరిరక్షణ కమిటీ ఏర్పడినది. 2008లో హుడా స్థానంలో హెచ్.ఎం.డి.ఎ. వచ్చినది.

2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 13వ నిబంధనను తొలగించినది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చినది. కొత్త శాసనసభ భవనం కొరకు ఎర్రమంజిల్ ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరు 16న హైకోర్టు కొట్టివేసినది. నిబంధన తొలగినంత మాత్రాన భవనానికి రక్షణ పోయినట్లు భావించరాదని ఈ వ్యాజ్యం తెలుపుతుంది.

నిర్మాణం, మరమ్మతులు

హైదరాబాదులోని పాత దేవిడీలు, బంగళాలు ఎక్కువగా డంగు సున్నంతో కట్టినవి. మద్రాసు టెర్రేసు పద్ధతిలో టేకు దూలాలపై సన్నని ఇటుకలు నిలువుగా పేర్చి, పైన సున్నపు కాంక్రీటు వేస్తారు. మార్కాపురం, గిద్దలూరు వంటి ప్రాంతాలలోని పాత మిద్దెలకు మందపాటి రాతి గోడలు, కొయ్య దూలాలు, పైన మట్టి కప్పు ఉంటాయి. నీరు కారకుండా చౌడు మట్టి పరచేవారు. ఇట్టి గోడలు తేమను పీల్చి తిరిగి వదలుతాయి. వాటిపై సిమెంటు పూత పూస్తే తేమ లోపలే నిలిచి గోడ పెచ్చులూడుతుంది. అందుచేత సున్నపు పని తెలిసిన మేస్త్రీలు అవసరం. ఇటువంటి వారు అరుదు కావడంతో మరమ్మతుల ఖర్చు పెరుగుతుంది.

కొనుగోలుకు ముందు పరిశీలించవలసినవి

* జాబితా: ఇ.సి.లో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే కనిపిస్తాయి. ఇల్లు జాబితాలో ఉన్నదా అన్నది పట్టణాభివృద్ధి సంస్థ, పురపాలక సంస్థ, పురావస్తు శాఖల వద్ద విడిగా తెలుసుకోవాలి.
* హక్కులు: పాత ఇళ్ళకు వారసులు అనేకులు ఉంటారు. హైదరాబాదు పాతబస్తీలో మత్రూకా, అనగా మరణించిన వ్యక్తి వదలిన ఉమ్మడి ఆస్తి వివాదాలు, వక్ఫ్ వివాదాలు కూడా చూసుకోవాలి.
* కట్టడ స్థితి: దూలాల చివరలు, చెదలు, పునాదుల తేమ ఇంజనీరు చేత చూపించాలి.
* ఋణం: బ్యాంకులు భవనం వయస్సును, మిగిలిన మన్నికను లెక్కిస్తాయి.
* వినియోగం: పడగొట్టి అపార్టుమెంటు కట్టే ఉద్దేశం గలవారికి ఇట్టి ఇల్లు తగదు.

యజమానుల అభ్యంతరాలు

భవనం నిలవడం వలన లాభం నగరానికి, ఖర్చు మాత్రం తమకు అన్నది యజమానుల ప్రధాన అభ్యంతరం. పరిసరాలలో బహుళ అంతస్తులు లేస్తుండగా తమ స్థలం విలువ తగ్గుతుందని వారి వాదన. దీనికి పరిహారంగా 2012 నాటి భవన నిర్మాణ నియమాలలో వారసత్వ భవనాలకు బదిలీ చేయదగిన అభివృద్ధి హక్కును కల్పించారు. యజమాని తాను వాడుకోలేని నిర్మాణ హక్కును ఇతరులకు అమ్ముకొనవచ్చు. ఇంటాక్ సంస్థ హైదరాబాదులో భవనాలను చక్కగా కాపాడుకొన్న యజమానులకు పురస్కారాలు ఇస్తున్నది.

ఇవి కూడా చూడండి

* ఎర్రమంజిల్
* మండువా లోగిలి
* డంగు సున్నం